మంచు కరిగిన కొండ

ప్రపంచంలోకెల్లా ఎత్తైన స్కీయింగ్ కేంద్రం ఒకప్పుడు బొలీవియాలో ఉండేది. లాపాజ్ నగరానికి చేరువలో, 5,000 మీటర్లకు పైబడిన ఎత్తున, చకల్టాయా హిమానీనదం మీద 1930ల చివర్లో అది వెలిసింది. కారు ఇంజన్‌తో తిరిగే తాడు పట్టుకుని జనం పైకెక్కి, మంచు మీద జారుతూ దిగేవారు. వేల ఏళ్లనాటి ఆ మంచు 2015 దాకా నిలుస్తుందని శాస్త్రవేత్తలు అంచనా వేశారు. 2009కే పూర్తిగా కరిగిపోయింది.

పోయింది ఆటస్థలం ఒక్కటే కాదు. వానల్లేని నెలల్లో లాపాజ్ తాగే నీటిలో కొంత ఇలాంటి హిమానీనదాలదే. అందుకే ఈ సంచికను కరుగుతున్న కొండలకు కేటాయించాం. హిమాలయాల మంచునీటితో కోట్లమంది బతికే దేశం మనది. చకల్టాయా కథను మనకొచ్చిన హెచ్చరికగా చదవండి.

– సంపాదకుడు