లుంగీకి లేని సిగ్గు స్కర్టుకెందుకు?

2017 జూన్‌లో ఇంగ్లండులోని ఎక్సెటర్ పట్టణంలో ఎండ 30 డిగ్రీలు దాటింది. ఆ చలిదేశపు పిల్లలకు అది తట్టుకోలేని ఎండ. అక్కడి ఇస్కా అకాడమీ అనే బడిలో మగపిల్లలు నిక్కర్లు వేసుకోనివ్వమని అడిగారు. యూనిఫాం నిబంధనల్లో నిక్కరు లేదు, పొడుగు ప్యాంటే వేసుకోవాలన్నారు. ఆడపిల్లలకైతే స్కర్టు ఉంది. దాంతో కొందరు కుర్రాళ్ళు అక్కచెల్లెళ్ళవీ స్నేహితురాళ్ళవీ స్కర్టులు అడిగి తెచ్చుకుని, అవి వేసుకుని బడికొచ్చారు. ఒకటి రెండు రోజుల్లో వాళ్ళ సంఖ్య ముప్పై దాకా చేరింది. అంతకు నాలుగేళ్ళ ముందు, 2013లో, స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ దగ్గర తిరిగే ఒక రైలు మార్గంలో డ్రైవర్లు కూడా ఇదే పని చేశారు. వాళ్ళకీ నిక్కరు మీద నిషేధమే.

రెండు చోట్లా వేసుకున్నవాళ్ళు హాయిగానే ఉందన్నారు. రెండు చోట్లా యాజమాన్యాలు దిగివచ్చి చివరికి నిక్కరుకు ఒప్పుకున్నాయి. అంతకుముందు చెమట గురించీ ఉక్కపోత గురించీ ఎంత చెప్పినా తెరుచుకోని తలుపు, మగవాళ్ళు స్కర్టుల్లో కనబడగానే తెరుచుకుంది. ఆ దృశ్యం చూడటం పెద్దలకు అంత కష్టమైంది. ఎందుకంత కష్టమైంది? నన్ను పట్టుకున్న ప్రశ్న ఇదే.

స్కర్టు వేసుకున్న మగవాడికి ఎలా ఉంటుంది అని అడిగితే ఒళ్ళు చెప్పే జవాబు వేరు, మనసు చెప్పే జవాబు వేరు. ఒళ్ళు చెప్పేదానిలో రహస్యమేమీ లేదు. మగవాడి వృషణాలు శరీరం వెలుపల ఉండటానికి కారణం, అవి మిగతా ఒంటికంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటేనే వీర్యకణాలు సరిగా తయారవుతాయన్నది. ఈ సంగతి వైద్య విద్యార్థులు చదివే పుస్తకాల్లోనే ఉంది. బిగుతు ప్యాంటు ఆ వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. వదులు గుడ్డ పట్టి ఉంచదు. శరీర నిర్మాణాన్నే ప్రమాణంగా తీసుకుంటే కాళ్ళ మధ్య కుట్టు లేని బట్ట మగవాడికే ఎక్కువ అవసరం. ప్యాంటు మగవాడికి ప్రకృతి నిర్ణయించిన దుస్తు అనేవాళ్ళు ఈ ఒక్క విషయం దగ్గరే ఆగిపోవాల్సి వస్తుంది.

తెలుగువాడికి ఈ పాఠం చెప్పనక్కర్లేదు కూడా. ఇంటికి రాగానే అతను ప్యాంటు విప్పి లుంగీ కడతాడు. రెండు మీటర్ల గళ్ళ గుడ్డ. రెండు కొసలూ కలిపి కుట్టేస్తే గొట్టంలా అవుతుంది. అందులోకి దిగి, మిగిలిన వెడల్పును ముందుకు లాగి, మడత పెట్టి, నడుం దగ్గర దోపుకుంటాడు. బురదలో దిగాల్సొస్తే మోకాళ్ళ పైకి ఎగగడతాడు. ఎదురుగా పెద్దవాళ్ళొస్తే చప్పున దింపేస్తాడు. కుర్చీలో కూర్చునేటప్పుడు కాళ్ళ మధ్యకు గుడ్డ సర్దుకోవడం, గాలి వీస్తే అంచు పట్టుకోవడం, మెట్లెక్కేటప్పుడు కొస ఎత్తిపట్టడం, ఇవన్నీ అతనికి చిన్నప్పటి నుంచే అలవాటు. దర్జీ లెక్కలో అది స్కర్టే. కానీ అదే గళ్ళ గుడ్డను మోకాలి దాకా కత్తిరించి, నడుముకు ఎలాస్టిక్ పట్టీ కుట్టి, ఇది వేసుకుని బజారుకెళ్ళి పాలు తీసుకురా అంటే అతని ముఖం మాడిపోతుంది. గుడ్డ మారలేదు, గాలి మారలేదు, ఒంట్లో కలిగే హాయీ మారలేదు. మారింది ఎదుటివాళ్ళ కళ్ళు. కొంత అతని కళ్ళు కూడా.

ఆ కళ్ళు చోటును బట్టి ఎంతలా మారతాయో చూడటానికి మన దేశంలోనే మంచి సాక్ష్యాలున్నాయి. 2014 జూలైలో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి హరిపరంధామన్ పంచె కట్టుకుని వెళ్తే చెన్నైలో తమిళనాడు క్రికెట్ సంఘం క్లబ్బు లోపలికి రానివ్వలేదు. పెద్ద గొడవై, ఆ ఏడాదే తమిళనాడు శాసనసభ చట్టం చేసింది. పంచె కట్టుకొచ్చినవాణ్ణి అడ్డుకుంటే ఏడాది దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. మరోపక్క తిరువనంతపురం పద్మనాభస్వామి గుడికి ప్యాంటుతో వెళ్ళిన మగవాణ్ణి లోపలికి పంపరు, ముండు అనే పంచె చుట్టుకోవాల్సిందే. తిరుమలలో ఆర్జిత సేవకు వెళ్ళాలన్నా పంచె గానీ పైజమా గానీ ఉండాలి. ఒక గుమ్మం దగ్గర అమర్యాద అయిన బట్ట ఇంకో గుమ్మం దగ్గర పవిత్రం. బట్టలోనే మర్యాదో పవిత్రతో ఉంటే రెండు గుమ్మాల దగ్గరా ఒకేలా ఉండాలి కదా.

ప్యాంటు చరిత్ర కూడా ఇదే చెబుతుంది. ఇప్పటిదాకా దొరికిన వాటిలో చాలా పాత ప్యాంటు చైనా పశ్చిమాన తుర్ఫాన్ దగ్గర యాంగ్‌హై సమాధుల్లోది. దాదాపు 3,000 ఏళ్ళ కిందటి ఉన్ని ప్యాంటు అది. గుర్రమెక్కేవాళ్ళకు తొడలు ఒరుసుకుపోకుండా పుట్టిన దుస్తు. గుర్రాల మీద తిరిగే జాతులను అనాగరికులుగా చూసిన రోమన్లు ప్యాంటునూ అలాగే చూశారు. నాలుగో శతాబ్దం చివర్లో హొనోరియస్ చక్రవర్తి కాలంలో రోము నగరంలో ప్యాంటు వేసుకోకూడదని చట్టమే వచ్చింది. ఆ తర్వాత వెయ్యి సంవత్సరాలు దాటాక స్కాట్లండులో తిరగబడ్డ కొండజాతులను అణచడానికి బ్రిటిష్ పార్లమెంటు 1746లో మగవాళ్ళు స్కర్టులా కట్టుకునే కిల్టును నిషేధించింది. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల జైలు, రెండోసారి పట్టుబడితే ఏడేళ్ళ ద్వీపాంతరం. ఆ చట్టం 1782లో పోయింది. ఇవాళ స్కాట్లండు పెళ్ళికొడుకు కిల్టు కట్టుకుని గర్వంగా ఫోటో దిగుతాడు. లుంగీ లాంటివే అయిన లోంజీ మయన్మార్‌లో, సులు ఫిజీలో కట్టిన మగవాళ్ళు ఆఫీసులకు వెళ్తారు. వాళ్ళలో ఎవరి మగతనానికీ ఏ లోటూ రాలేదు.

మరి మత గ్రంథం మాటేమిటి అని కొందరు అడుగుతారు. బైబిల్ పాత నిబంధనలో ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో స్త్రీ పురుష వేషం వేయకూడదనీ, పురుషుడు స్త్రీ వస్త్రం ధరించకూడదనీ ఉంది. 1431లో జాన్ ఆఫ్ ఆర్క్‌ను కాల్చి చంపినప్పుడు ఆమె మగవాళ్ళ బట్టలు వేసుకోవడం ఒక ప్రధాన నేరారోపణ. ఇవాళ ప్యాంటుతో చర్చికి వచ్చే స్త్రీలను చాలా దేశాల్లో ఎవరూ పట్టించుకోరు. పారిస్‌లో స్త్రీలు ప్యాంటు వేసుకోవాలంటే పోలీసు అనుమతి తీసుకోవాలన్న 1800 నాటి ఉత్తర్వు చెల్లదని ఫ్రాన్సు ప్రభుత్వం 2013లో ప్రకటించింది కూడా. ఒకే వాక్యంలోని మొదటి సగం ఆచరణలో కరిగిపోయింది. రెండో సగం మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. దైవాజ్ఞే కారణమైతే రెండు సగాలూ ఉండాలి, లేకపోతే రెండూ పోవాలి. ఒక్కటే మిగిలిందంటే దాన్ని నిలబెడుతున్నది వేరే ఏదో ఉంది.

అదేమిటో తెలుసుకోవడానికి మన వీధి తిట్లు చాలు. పనిచేయని అధికారికి నిరసనకారులు చీర, గాజులు పట్టుకెళ్ళి ఇస్తారు. వేదిక మీద నాయకుడు ప్రత్యర్థిని గాజులు తొడుక్కోమంటాడు. ఆ నిరసనల్లో స్త్రీలే ముందుండి చీర అందించడం నేను చూసినప్పుడల్లా బాధేస్తుంది. తాము రోజూ కట్టుకునే బట్టను అవమానానికి గుర్తుగా తామే చేతికిస్తున్నారు. దీనికి అర్థం ఒకటే: స్త్రీ బట్ట మగవాడికి పడితే అతను ఒక మెట్టు దిగాడని. మెట్టు ఉందని ముందే ఒప్పుకుంటే తప్ప ఆ తిట్టు పనిచేయదు. స్త్రీ ప్యాంటు వేసుకుంటే ఎక్కినట్టూ, మగవాడు స్కర్టు వేసుకుంటే దిగినట్టూ లోకం లెక్క వేస్తోంది. మగవాడి సిగ్గు పుట్టేది ఆ మెట్టు దగ్గర.

ఈ మాటను నాకంటే బలంగా చెప్పినవాళ్ళు ఇరాన్‌లోని కుర్దు మగవాళ్ళు. 2013 ఏప్రిల్‌లో మరీవాన్ పట్టణంలో కోర్టు శిక్ష పేరిట ఒక దోషికి ఎర్రటి స్త్రీ వస్త్రం తొడిగి వీధుల్లో తిప్పారు. వెంటనే అక్కడి స్త్రీలు వీధిలోకొచ్చారు. వాళ్ళకు తోడుగా ఎందరో కుర్దు మగవాళ్ళు తమ ఇళ్ళల్లోని ఆడవాళ్ళ బట్టలు కట్టుకుని ఫోటోలు దిగి ఫేస్‌బుక్‌లో పెట్టారు. ఆడదానిగా ఉండటం ఎవర్నీ శిక్షించే సాధనం కాదన్నది వాళ్ళ వాదం. నాలుగేళ్ళ ముందు, 2009లో, విద్యార్థి నాయకుడు మజీద్ తవకోలీని అరెస్టు చేసి, పరువు తీయడానికి అతను స్త్రీ వేషంలో ఉన్న ఫోటోను ప్రభుత్వ అనుకూల వార్తాసంస్థ బయటపెట్టినప్పుడు కూడా వందల మంది మగవాళ్ళు తలకు ముసుగు కట్టుకుని తమ ఫోటోలు పెట్టారు. శిక్షగా తొడిగిన బట్టను ఇష్టంతో తొడుక్కున్నాక అది శిక్షగా పనిచేయడం మానేసింది. మగవాడు స్త్రీ బట్ట వేసుకోవడంలో ఇంత గంభీరమైన సందర్భం నాకు ఇంకొకటి తెలియదు.

తెలుగు నేల మీద ఇంకో విషయం చూడండి. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మగవాళ్ళు మొక్కు తీర్చుకోవడానికి చీర కడతారు, జడ వేసుకుంటారు, పూలు పెట్టుకుంటారు. 'పుష్ప 2' సినిమా దాన్ని దేశమంతా చూపించింది. ఆ రోజు ఆ మగవాళ్ళ ముఖంలో సిగ్గు ఉండదు, చూసేవాళ్ళ నోట వెక్కిరింత ఉండదు. జాతర అయిన మర్నాడు అదే మగవాడు అదే చీరలో టీ కొట్టు దగ్గరకు వస్తే పరిస్థితి తలకిందులవుతుంది. ఒక్క రాత్రిలో చీరకేమీ కాలేదు. అమ్మవారి అనుమతి గడువు తీరింది, అంతే. పుట్టువెంట్రుకలు తీయకముందు కొడుక్కి లంగా జాకెట్టు వేసి, పూలజడ కుట్టి, స్టూడియోలో ఫోటో తీయించే తల్లిదండ్రులూ ఇలాంటి అనుమతి మీదే నడుస్తారు. పిల్లవాడు ఏడెనిమిదేళ్ళవాడై తానుగా ఆ లంగా అడిగితే మాత్రం చెంప పగులుతుంది.

అనుమతి లేనివాళ్ళకు ఏం జరిగిందో హైదరాబాదు చరిత్రలో ఉంది. నిజాం పాలనలో 1329 ఫస్లీలో, అంటే 1919 ప్రాంతంలో, హిజ్రాల మీద ఒక చట్టం చేశారు. వాళ్ళ పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి. అలా పేరెక్కినవారు స్త్రీ వేషంలో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు, రెండేళ్ళ దాకా జైలు. రాజ్యాంగం వచ్చిన తర్వాత కూడా డెబ్భై ఏళ్ళకు పైగా ఆ చట్టం పుస్తకాల్లో బతికే ఉంది. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. స్కర్టు వేసుకున్న ఉద్యోగి భయం వెక్కిరింత దగ్గర ఆగుతుంది. వీళ్ళ భయం లాఠీ దాకా వెళ్ళింది. రెండింటినీ ఒకే గాటన కట్టడం నాకు న్యాయమనిపించదు. కానీ రెండూ పుట్టిన చోటు ఒకటే.

రోజూ స్కర్టు వేసుకునే మగవాళ్ళలో చాలామంది చెప్పేది, మొదటిసారి గుమ్మం దాటడమే కష్టమని. లోకమంతా తన కాళ్ళనే చూస్తోందనిపిస్తుంది. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయపు మనస్తత్వ శాస్త్రవేత్త థామస్ గిలోవిచ్ బృందం 2000లో ఒక పరిశోధన ప్రచురించింది. సిగ్గుపడేలాంటి బొమ్మ ఉన్న టీషర్టు వేయించి విద్యార్థులను నలుగురున్న గదిలోకి పంపారు. గదిలో సుమారు సగం మంది గమనించి ఉంటారని వాళ్ళు అనుకున్నారు. నిజంగా గమనించింది పావు వంతు. స్కర్టు టీషర్టు కంటే కొట్టొచ్చినట్టు కనబడుతుందన్నది నిజమే. అయినా ఎదుటివాళ్ళ చూపులో సగం మన బుర్రలోనే తయారవుతుందని ఇది చూపిస్తుంది. బుర్రలో ఉన్న భాగాన్ని ఎవరికి వాళ్ళు తీసేసుకోవచ్చు. బయట ఉన్న భాగాన్ని తీయాలంటే నిబంధనలు మారాలి.

నిబంధనలు మారుస్తున్నామనేవాళ్ళు కూడా ఒక వైపే చూస్తున్నారు. కేరళలో వలయంచిరంగర ప్రాథమిక పాఠశాల ఆడా మగా పిల్లలందరికీ ఒకే యూనిఫాం పెట్టింది: చొక్కా, ముప్పావు నిక్కరు. 2021 డిసెంబరులో కోళికోడ్ జిల్లా బాలుశ్శేరి ప్రభుత్వ బడిలో ప్లస్ వన్ (పదకొండో తరగతి) పిల్లలందరికీ ప్యాంటు, చొక్కా ఇచ్చారు. ఆడపిల్లలు పరిగెత్తగలుగుతారు, సైకిలు తొక్కగలుగుతారు, ఇది మంచి పని, నేను మెచ్చుకుంటాను. కానీ సమానత్వం పేరుతో ఇచ్చిన రెండు యూనిఫాములూ మగపిల్లల బట్టలే. ఇష్టమైన మగపిల్లవాడు స్కర్టు వేసుకోవచ్చన్న వాక్యం ఆ నిబంధనల్లో చేర్చడానికి పైసా ఖర్చు కాదు.

లేత్ మెషీను దగ్గర వదులు బట్ట వద్దంటే నేను ఒప్పుకుంటాను. బెల్టులో చిక్కుకుంటే ప్రాణం పోతుంది, అక్కడ లుంగీ కూడా వద్దు. బైకు వెనక కూర్చునేవాళ్ళకు చున్నీ గురించి హెచ్చరించినట్టే స్కర్టు గురించీ హెచ్చరించండి. బ్యాంకు కౌంటరు వెనకాల, పుస్తకాల దుకాణంలో, మే నెలలో 45 డిగ్రీల్లో కాగే రెంటచింతల వీధుల్లో ఆ ప్రమాదం లేదు. అక్కడ మగవాడి స్కర్టుకు అడ్డుపడేవాళ్ళు ఇంకో కారణం చూపించాలి. నేను వెతికినంతలో దొరికింది ఒక్కటే, గాజులు పట్టుకెళ్ళి ఇచ్చే ఆ నిరసనలో కనబడేది.