సంతకం వెనుక సమ్మతి ఎంత?

హిండన్ నదికి ఇరువైపులా విస్తరించిన ఘాజియాబాద్‌లో ఇందిరాపురం, వైశాలి, రాజ్‌నగర్ ఎక్స్‌టెన్షన్ వంటి ప్రాంతాలు దేశ రాజధానిలో పనిచేసే వేలాది కుటుంబాలకు నివాస స్థానాలు. వారిలో తెలుగువారూ ఉన్నారు. ఫ్లాటు కోసం ఏళ్ళ తరబడి కూడబెట్టిన సొమ్మును అడ్వాన్సుగా చెల్లించిన కుటుంబం ముందుకు, బిల్డర్ అంతకుముందే అచ్చు వేయించిన ఒప్పంద పత్రం వస్తుంది. అందులో ఒక్క షరతునైనా మార్చుకునే వీలు కొనుగోలుదారుకు ఉండటం అరుదు. ఆ తరువాత వివాదం తలెత్తితే ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒక్కటే: సంతకం మీదే కదా?

ఈ ప్రశ్నకు 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం స్పష్టమైన సమాధానమే చెబుతోంది. సంతకం సమ్మతికి ఆనవాలు మాత్రమే. ఆ సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినదై ఉండాలి. బలవంతం, అనుచిత ప్రభావం, మోసం, తప్పుడు సమాచారం, పొరపాటు అనే 5 కారణాలలో ఏ ఒక్కటి సమ్మతికి మూలమైనా అది స్వేచ్ఛా సమ్మతి కాదని 14వ సెక్షన్ నిర్దేశిస్తోంది. వీటిలో మొదటి నాలుగింటి ఫలితం ఒకే విధంగా ఉంటుంది. ఒప్పందం దానంతట అది చెల్లకుండా పోదు. నష్టపోయిన పక్షం కోరితే రద్దవుతుంది, కోరకపోతే కొనసాగుతుంది. పొరపాటు సంగతి వేరు. ఒప్పందానికి ప్రాణప్రదమైన వాస్తవం విషయంలో ఇరుపక్షాలూ పొరబడితే ఆ ఒప్పందం మొదటి నుంచీ చెల్లదు. ఒక్క పక్షమే పొరబడితే, కేవలం ఆ కారణంతో అది రద్దు కాదు.

బలవంతం అంటే చేయి చేసుకోవడం ఒక్కటే కాదని మద్రాసు హైకోర్టు ఏనాడో తేల్చింది. భర్త మరణించిన 13 ఏళ్ళ బాలిక దత్తత స్వీకరించేవరకు శవాన్ని కదలనివ్వబోమని బంధువులు అడ్డుపడిన రంగనాయకమ్మ కేసులో, ఆ దత్తత ఆమెను కట్టిపడేయదని 1889లో ప్రకటించింది. 1917 నాటి చిక్కం అమ్మిరాజు, చిక్కం శేషమ్మల వ్యాజ్యం మరింత జటిలమైనది. ఆత్మహత్య చేసుకుంటానని బెదిరించి ఒక వ్యక్తి తన భార్య చేత, కుమారుడి చేత తన సోదరుడి పేరిట హక్కు విడుదల దస్తావేజు రాయించాడు. ఆ ఆస్తి తమదేనని తల్లీకొడుకుల వాదన. ఆత్మహత్యకు శిక్ష విధించడం సాధ్యం కాకపోయినా, ఆత్మహత్యాయత్నం శిక్షార్హం కనుక ఆ పని శిక్షాస్మృతి నిషేధించినదేనని ప్రధాన న్యాయమూర్తి వాలిస్, న్యాయమూర్తి శేషగిరి అయ్యర్ అభిప్రాయపడ్డారు. దస్తావేజు బలవంతపు ఫలితమేనన్నారు. శిక్ష లేని పనిని నిషిద్ధమనలేమని న్యాయమూర్తి ఓల్డ్‌ఫీల్డ్ విభేదించారు.

న్యాయ విద్యార్థులు తరతరాలుగా చదువుతున్న ఆ తీర్పు పునాది ఇప్పుడు కదిలింది. శిక్షాస్మృతి నిషేధించిన పని చేయడం లేదా చేస్తానని బెదిరించడం బలవంతమని కాంట్రాక్టు చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. ఆస్తిని చట్టవిరుద్ధంగా నిర్బంధించడమూ దాని కిందికే వస్తుంది. 2024 జూలై 1న శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా పరిగణించిన పాత 309వ సెక్షన్ అందులో లేదు. విధి నిర్వహణ విషయంలో ప్రభుత్వోద్యోగిపై ఒత్తిడి తెచ్చేందుకు చేసే ప్రయత్నాన్ని మాత్రమే 226వ సెక్షన్ శిక్షార్హం చేసింది. రద్దయిన చట్టం ప్రస్తావన ఉన్నచోట దాని స్థానంలో వచ్చిన చట్టాన్ని చదువుకోవాలని జనరల్ క్లాజెస్ చట్టం సూచిస్తుంది. ఆ ప్రకారం చూస్తే, ఇంట్లో వారిని ఆత్మహత్య పేరుతో బెదిరించి రాయించుకున్న పత్రాన్ని బలవంతం కింద రద్దు చేయించడం 1917లో ఉన్నంత తేలిక కాకపోవచ్చు. నాడు భిన్నాభిప్రాయంగా మిగిలిన ఓల్డ్‌ఫీల్డ్ వాదనకు ఈ మార్పు బలం చేకూరుస్తోంది.

అటువంటి బాధితులకు మిగిలే మార్గం అనుచిత ప్రభావానికి సంబంధించిన 16వ సెక్షన్. ఒకరు మరొకరి ఇష్టాయిష్టాలను శాసించగల స్థితిలో ఉండి, ఆ స్థితిని వాడుకొని అన్యాయమైన లాభం పొందితే అది అనుచిత ప్రభావం. వయస్సు, అనారోగ్యం, శారీరక లేదా మానసిక వేదన వల్ల ఆలోచనాశక్తి సన్నగిల్లిన వ్యక్తితో ఒప్పందం చేసుకున్నవారు అటువంటి స్థితిలో ఉన్నట్లే చట్టం భావిస్తుంది. పైగా ఆ లావాదేవీ పైకి చూడగానే ఘోరంగా కనిపిస్తే, ప్రభావం చూపలేదని నిరూపించుకోవలసిన బాధ్యత లాభం పొందినవారిదే.

వృద్ధుల ఆస్తి విషయంలో పార్లమెంటు మరో అడుగు ముందుకు వేసింది. తమను పోషించాలన్న షరతుతో పిల్లలకు ఆస్తి రాసిచ్చిన తల్లిదండ్రులను ఆ పిల్లలు పట్టించుకోకపోతే, ఆ బదిలీ మోసం, బలవంతం లేదా అనుచిత ప్రభావంతో జరిగినట్లే పరిగణించి ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చునని 2007 నాటి సీనియర్ సిటిజన్ల చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. అయితే ఆ షరతు ఉన్నట్లు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. 2025 జనవరిలో ఇచ్చిన మరో తీర్పులో, ఈ చట్టాన్ని వృద్ధుల సంక్షేమ దృష్టితో ఉదారంగా అన్వయించాలని పేర్కొంది. గిఫ్ట్ డీడ్ రాసే రోజునే పోషణ షరతును అందులో చేర్పించుకోవడం క్షేమమన్నది ఈ రెండు తీర్పుల నుంచి గ్రహించవలసిన విషయం.

ఇక ఘాజియాబాద్ ఫ్లాటు కొనుగోలుదారు వద్దకు వస్తే, ఆయనను ఎవరూ బెదిరించలేదు. బిల్డర్ ఆయనకు బంధువూ కాదు, సంరక్షకుడూ కాదు. బ్రోషర్లో చూపిన ఆమోదాలు అబద్ధమని తేలితే మోసం కింద లేదా తప్పుడు సమాచారం కింద వాదించవచ్చు. కానీ 19వ సెక్షన్‌లో ఒక మెలిక ఉంది. కేవలం తప్పుడు సమాచారం లేదా మౌనం ద్వారా జరిగిన మోసం అయినప్పుడు, మామూలు శ్రద్ధతో నిజం తెలుసుకునే వీలు బాధితుడికి ఉండి ఉంటే ఒప్పందం రద్దు కాదు. చదవకుండా సంతకం చేశామన్న వాదనా నిలవదు. బలవంతం, మోసం రుజువు కానంతవరకు, సంతకం చేసినవారు పత్రాన్ని చదివి అర్థం చేసుకున్నట్లే భావించాలని సుప్రీంకోర్టు 2009లో గ్రాసిమ్ ఇండస్ట్రీస్ కేసులో పేర్కొంది. అంటే, అచ్చువేసిన పత్రం ముందు నిలబడిన మనిషి నిస్సహాయతకు 1872 నాటి చట్టంలో సూటి అయిన పేరు లేదు.

ఆ లోటును తరువాతి చట్టాలు, తీర్పులు కొంతవరకు పూడ్చాయి. గుర్గావ్‌కు చెందిన ఒక ప్రాజెక్టు ఒప్పందంలో, వాయిదా ఆలస్యమైతే కొనుగోలుదారు 18 శాతం వడ్డీ చెల్లించాలి. సొమ్ము వాపసు ఆలస్యమైతే బిల్డర్ ఇచ్చేది 9 శాతమే. చుక్కల గీతపై సంతకం చేయడం తప్ప గత్యంతరం లేని కొనుగోలుదారును అటువంటి ఏకపక్ష షరతులు కట్టిపడేయవని 2019 ఏప్రిల్‌లో పయనీర్ అర్బన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అన్యాయమైన ఒప్పందం అన్న నిర్వచనాన్నే 2019 వినియోగదారుల రక్షణ చట్టం చేర్చింది. 2016 నాటి రెరా చట్టం ఇరుపక్షాలకూ ఒకే వడ్డీ రేటును నిర్దేశించింది. అమ్మకపు ఒప్పందం రిజిస్టరు చేయకుండా ఫ్లాటు ధరలో 10 శాతానికి మించి వసూలు చేయరాదంది. తప్పుడు ప్రకటనను నమ్మి సొమ్ము చెల్లించినవారు ప్రాజెక్టు నుంచి వైదొలగి, వడ్డీతో సహా వాపసు కోరే హక్కును 12వ సెక్షన్ కల్పించింది. ఆలస్యమైన పక్షంలో సొమ్ము వాపసు కోరడం కొనుగోలుదారుకు షరతులు లేని హక్కని, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన న్యూటెక్ ప్రమోటర్స్ కేసులో సుప్రీంకోర్టు 2021 నవంబరులో ప్రకటించింది.

ఈ రక్షణలన్నిటికీ ఒక సామాన్య లక్షణం ఉంది. బాధితులు ముందుకు వచ్చి అడగాలి. దస్తావేజు రద్దు కోరేందుకు లిమిటేషన్ చట్టం ఇచ్చే గడువు, రద్దుకు కారణమైన వాస్తవాలు తెలిసిన నాటి నుంచి 3 ఏళ్ళు. నిజం తెలిసిన తరువాత కూడా వాయిదాలు చెల్లిస్తూ, ప్రయోజనాలు అందుకుంటూ పోతే ఒప్పందాన్ని ఆమోదించినట్లే న్యాయస్థానం భావించే ప్రమాదం ఉంది. మోసం లేదా ఒత్తిడి ఎవరు, ఎప్పుడు, ఎలా చేశారో తేదీలతో సహా ఫిర్యాదులో వివరించాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ కోరుతోంది. రద్దు కోరినవారు తాము పొందిన లాభాన్ని తిరిగి ఇచ్చేందుకూ సిద్ధపడాలి.

బ్రోషర్లు, రసీదులు, బిల్డర్ ప్రతినిధుల సందేశాలు భద్రపరచుకోవడం, ప్రాజెక్టు వివరాలను రెరా వెబ్‌సైట్‌లో ముందే సరిచూసుకోవడం, అభ్యంతరాన్ని వెంటనే లిఖితపూర్వకంగా తెలియజేయడం చిన్న పనులుగా కనిపించవచ్చు. సంతకం వెనుక సమ్మతి లేదని రేపు నిరూపించవలసి వస్తే ఆధారంగా నిలిచేవి అవే. శేషమ్మకు న్యాయం దక్కింది ఆమె కోర్టు మెట్లెక్కినందువల్లే. ఆమె మౌనంగా ఉండి ఉంటే ఆ దస్తావేజు అలాగే నిలిచి ఉండేది.