ఎండ కరెంటు సరే, దీపాల వేళ మాటేమిటి?

నంద్యాల: గని, శకునాల గ్రామాల వద్ద దాదాపు 6 వేల ఎకరాలలో పరచిన సౌర ఫలకాలు 2017 నుంచి విద్యుత్తునిస్తున్నాయి. వాటి సామర్థ్యం 1,000 మెగావాట్లు. ముద్దనూరు బొగ్గు విద్యుత్ కేంద్రానిది 1,650. అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇక బొగ్గు మంట దేనికని ఎవరికైనా అనిపిస్తుంది. కాని ఆ మెగావాటూ ఈ మెగావాటూ ఒకటి కావు. బొగ్గు ఉన్నంతకాలం ముద్దనూరును రాత్రింబవళ్ళు నడపవచ్చు. సౌర విద్యుత్తు మధ్యాహ్నానికి నిండుగా వచ్చి, పొద్దు గూకేసరికి సున్న అవుతుంది. ఊళ్ళలో దీపాలు, ఫ్యాన్లు వేసేది సరిగ్గా ఆ వేళకే. మబ్బు పట్టిన పూట సంగతి చెప్పనక్కర లేదు. గాలిమరలు కూడా నైరుతి ఋతుపవనాల నెలల్లో జోరుగా తిరిగి, ఆ తర్వాత నెమ్మదిస్తాయి.

తీగలలో కరెంటు నిలవ ఉండదు. తీసిన క్షణాన్నే వాడాలి. ఉత్పత్తి, వాడకం సమంగా ఉంటే గ్రిడ్డు పౌనఃపున్యం సెకనుకు 50 ఆవృత్తుల వద్ద నిలుస్తుంది. వాడకం మించితే పడిపోతుంది. మరీ పడితే గ్రిడ్డే కూలుతుంది. అందుచేత లోటు వచ్చినప్పుడు ఎక్కడో ఒకచోట ఫీడర్లు ఆపక తప్పదు. ఆ ‘ఎక్కడో’ పల్లె ఫీడరే కావడం రైతుకు కొత్త సంగతి కాదు.

సేద్యానికి పగలే 9 గంటలు ఇవ్వాలన్న విధానం ఎండ కరెంటుకు చక్కగా అతుకుతుంది. రాత్రివేళ పురుగూపుట్రల మధ్య గట్ల వెంట తిరిగే బాధ రైతుకు తప్పుతుంది. మబ్బు పట్టి బోరు ఒక గంట ఆగినా తర్వాత నడుపుకోవచ్చు. ఆసుపత్రికి అలా ఆపలేరు గదా. అయితే ఆపిన గంటను ఆ రోజే తిరిగి ఇవ్వకపోతే భారమంతా పైరు మీదే పడుతుంది.

దీపాల వేళకు మందుగా చెబుతున్నది పాణ్యం మండలం పిన్నాపురం పంప్డ్ స్టోరేజి పథకం. 2022 మేలో శంకుస్థాపన జరిగిన దీని సామర్థ్యం 1,680 మెగావాట్లు. పగటి మిగులు కరెంటుతో కింది జలాశయం నీటిని పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలి టర్బైన్లు తిప్పడం ఇందులోని కిటుకు. ఇది కొత్త విద్య కాదు. శ్రీశైలం ఎడమ గట్టున ఇలా రెండు వైపులా తిరిగే 150 మెగావాట్ల యంత్రాలు 6 ఉన్నాయి. 100 యూనిట్లు పెట్టి తోడితే తిరిగి వచ్చేది సుమారు 75 నుంచి 80 యూనిట్లు. ఆ తరుగు చివరికి ఎవరి బిల్లులో చేరుతుందన్నది అసలు ప్రశ్న. పైగా పథకం ప్రైవేటు సంస్థది. కరెంటు కొన్నవారికే వెళుతుంది. జిల్లాలో కట్టినంత మాత్రాన జిల్లాలో దీపాలు ఆరవనుకోవడం పొరపాటు.

ఒకే నీరు మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది గనుక సాగునీటికి లోటు రాదన్న వాదనలో నిజం లేకపోలేదు. కాని తొలిసారి నింపడానికీ, ఏటా ఆవిరయ్యే నీటిని భర్తీ చేయడానికీ ఆధారం గోరకల్లు జలాశయమే. వానలు ముఖం చాటేసిన ఏడు ఎస్.ఆర్.బి.సి. ఆయకట్టుకు ముందా, దీనికి ముందా అన్నది రైతులకు స్పష్టంగా తెలియాలి. ఏ నెలలో ఎంత నీరు తీసుకున్నదీ ఆయకట్టు పంచాయతీల బోర్డుల మీద రాయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.