కత్తి కంటే ఆ టేపే భయం

రాత్రి రేడియో స్టేషన్, మైకు ముందు ఒక్కడే మనిషి, ఫోన్‌లో ఎవరిదో గొంతు. సస్పెన్స్ సినిమాకి ఇంతకంటే తక్కువ ఖర్చులో సెట్ దొరకదు. 2022లో మెల్ గిబ్సన్‌తో ‘ఆన్ ది లైన్’ కూడా ఇదే సరుకుతో వచ్చింది. అందులో ఫోన్ చేసేవాడు కథ మలుపు తిప్పడానికే ఉన్నాడు, చూసిన మర్నాటికి మర్చిపోయాను.

1971 నాటి ‘ప్లే మిస్టీ ఫర్ మీ’ అలా కాదు. క్లింట్ ఈస్ట్‌వుడ్ మొదటిసారి డైరెక్ట్ చేసిన సినిమా. కాలిఫోర్నియాలో సముద్రం ఒడ్డున కార్మెల్ అనే ఊళ్లో డేవ్ రాత్రిపూట పాటలు వేస్తూ, మధ్యలో కవితలు చదువుతుంటాడు. ఎవలిన్ అనే ఆమె పదే పదే ఫోన్ చేసి ‘మిస్టీ’ వెయ్యమంటుంది. ఒకరోజు బార్‌లో కలుస్తారు, కలిసి వెళ్తారు. ఆ తర్వాత ఆమె వదలదు. జెస్సికా వాల్టర్ నవ్వుతూ నవ్వుతూనే మొహం మార్చేస్తుంది చూడండి, ఒళ్లు జలదరిస్తుంది.

ఆమె కత్తి పట్టాక అందరం డేవ్ పక్షమే. తప్పదు కూడా. ఏ బంధం వద్దని ముందే అనుకున్నారు కదా అంటారు. అనుకున్నారు, నిజమే. కానీ రోజూ రాత్రి చెవి పక్కనే కూర్చున్నట్టు మాట్లాడింది ఎవరు?

నేను ఇక్కడ గ్యాస్ స్టేషన్‌లో నైట్ డ్యూటీ చేస్తాను. రాత్రి రెండింటికి రేడియోలో వాడు మెలకువగా ఉన్న మీకోసం అంటే, ఆ ‘మీరు’ నేనే అనిపిస్తుంది. ఇందులో పిచ్చేమీ లేదండీ. చిన్నప్పుడు వివిధ భారతి జనరంజనిలో మా ఊరి పేరు చదివితే అమ్మ చేతిలో గరిటెతోనే పరిగెత్తుకొచ్చేది. సినిమా మాత్రం ఎవలిన్‌కి ముందూ వెనకా ఏమీ ఇవ్వలేదు. ఆమె ఏం పని చేసేది, ఎవరున్నారు, ఆ పాటే ఎందుకు? ఒక్క సీను పెట్టి ఉంటే భయం తగ్గేది కాదు, పెరిగేది.

చూడనివాళ్లు ఇక్కడ ఆగిపోండి. చివర్లో డేవ్ ముందే రికార్డు చేసిన టేపు స్టేషన్‌లో పెట్టి కారులో పరిగెడతాడు. ఎవలిన్ బాల్కనీ మీంచి కింద సముద్రంలో పడిపోతుంది. అప్పుడు రేడియోలో అతని గొంతు, ఏమీ జరగనట్టు తాపీగా, ఎవలిన్ కోసం అంటూ ‘మిస్టీ’ వేస్తుంది.