దోమలూ, ఫైళ్ళూ

మా వూరి పేరు దోమ. వికారాబాద్ జిల్లాలో మండల కేంద్రం. పైవూరి వాళ్ళు ఈ పేరు విని నవ్వితే మేమూ నవ్వి వూరుకుంటాం. కాని దోమ వల్ల నేర్చుకోవలసింది లేకపోలేదు సుమండీ! 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దొరగారు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశారు. ఆ తరువాత ఆయన దోమల్ని చరుస్తూ కూర్చోమనలేదు. అవి పుట్టే నీటిగుంటల మీదికి దండెత్తమన్నారు.

కంప్యూటరు ఫైళ్ళకీ ఇదే వైద్యం. మా మేనకోడలు ఇంటి పట్టునే వుండి ప్రోగ్రాములు రాస్తుంది. "మామయ్యా, రాత్రి మూసిన ఫైళ్ళు తెల్లారేసరికి మళ్ళీ తెరుచుకుంటున్నయి" అన్నది. వస్తే రానీ అంటారేమో! వచ్చేది నిరుటి ఫైలు. పేరు అదే, ఫోల్డరు వేరు. కొత్త ధర అందులో వేస్తే, ఈ యేటి లెక్క పాత ధరకే పడుతుంది. పాలు పోసే రైతు చేతికి తక్కువ వస్తుంది.

ఆమె వాడేది గ్నూ ఇమాక్స్ అనే ఎడిటరు. 1985లో బయటికి వచ్చింది. అందులో గుంటలు మూడు.

మొదటిది: కిటికీ మూసినా ప్రోగ్రాము చావదు. డీమన్‌గా నడుపుతుంటే ఫైళ్ళతో సహా మెమరీలోనే వుంటుంది. పూర్తిగా ఆపి చూడాలి.

రెండోది: డెస్క్‌టాప్ సేవ్ మోడ్. తెరిచి వున్న ఫైళ్ళ జాబితా రాసిపెట్టుకుని, మరునాడు అన్నిటినీ పిలుస్తుంది. వుపకారమే, అడిగిన వాళ్ళకు! ముందు ఆ మోడ్ ఆపి, తరువాత జాబితా తీసెయ్యాలి. వట్టి జాబితా తీసేస్తే మళ్ళీ పుడుతుంది.

మూడోది: ఆరంభంలో చదివే సెట్టింగుల ఫైలు. అందులో ఎప్పుడో రాసిన "ఈ ఫైలు తెరువు" అన్న వరస వుండవచ్చు.

ఏ గుంటో తెలియాలంటే, "హైఫన్ పెద్ద క్యూ" చేర్చి ఇమాక్స్ తెరవాలి. అప్పుడు మన సెట్టింగులేవీ చదవదు. ఫైళ్ళు రాకపోతే దోషం సెట్టింగులలోనో, బ్రతికున్న డీమన్‌లోనో వున్నట్టు. సెట్టింగులైతే సగం వరసలకు ముందు సెమీకోలన్లు పెట్టి చూడాలి. మిగిలిన సగంలో సగం. ఇలా నాలుగైదు సార్లలో వరస దొరుకుతుంది.

మా అమ్మాయిది రెండో గుంట. మోడ్ ఆపింది. దిద్దేముందు ఫైలు ఏ ఫోల్డరులోదో చూసుకుంటున్నది. ఈ పక్షం రైతుల లెక్క కొత్త ధరకే పడింది.