కెప్టెనే కాదు, ఉస్తాద్ కూడా కావాలి

మన ఇళ్లల్లో పిల్లలు "పైలట్ అయితా" అంటే రెండే జవాబులు వస్తాయి. ఒకటి నవ్వు, రెండోది "అంత పైసా ఎక్కడిది బేటా?" నవ్వును పక్కన పెట్టొచ్చు గానీ పైసల సవాల్ నిజమైనదే. దానికన్నా ముందు, మన ఖాందాన్లలో ఎవరూ మాట్లాడుకోని ఒక కొలువు గురించి చెప్పాలి. ఎయిర్‌లైన్ పైలట్లకు సిమ్యులేటర్‌లో సబక్ చెప్పే ఉస్తాద్ కొలువు అది.

సిమ్యులేటర్ అంటే పిల్లలు కంప్యూటర్ మీద ఆడుకునే ఖేల్ కాదు. అసలు కాక్‌పిట్‌ను అచ్చంగా దించి, ఆరు కాళ్ల మీద నిలబెట్టిన గది. పైలట్ల వెనక కూర్చున్న ఉస్తాద్ స్క్రీన్ మీద వేలు పెడితే రన్‌వే మీద పరుగెత్తుతున్న విమానంలో ఒక ఇంజిన్ ఆగిపోతుంది. ఇంకోచోట నొక్కితే పొగమంచు కమ్ముతుంది. ఆకాశంలో చేస్తే జాన్ పోయే గల్తీని ఇక్కడ చేసి, దిద్దుకుని, మళ్లీ చేయొచ్చు. ఇరవై ఏండ్ల తజుర్బా ఉన్న కెప్టెన్ కూడా ఏడాదికి రెండుసార్లు ఇమ్తెహాన్‌కు రావాల్సిందే. గది నుంచి దిగాక ఉస్తాద్ అసలు పని మొదలవుతుంది. ఎక్కడ తడబడ్డారో, ఎందుకు తడబడ్డారో ఇజ్జత్ తీయకుండా, నిజం దాచకుండా చెప్పాలి. వందలమంది ముసాఫిర్ల జాన్ ఆయన చేతిలో అమానత్.

ఈ మెషీన్ పుట్టుక కూడా మనవాళ్లు తెలుసుకోవాలి. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే యువకుడు మొదటి ట్రైనర్ తయారుచేశాడు. వాళ్ల నాన్నది ఆర్గన్ వాయిద్యాల కార్ఖానా. ఆ వాయిద్యాల్లో వాడే గాలి తిత్తులతోనే ఒక చిన్న డబ్బాను విమానంలా ఊగేలా చేశాడు. కార్ఖానాలో చేతులు నల్లగా చేసుకున్న కొడుకు హునర్ అది. మెకానిక్ షెడ్లలో పెరిగిన మన పిల్లలకు ఇంతకన్నా దగ్గరి కథ ఏముంటుంది?

ఇక రాస్తా సంగతి. దీనికి షార్ట్‌కట్ లేదు. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. మెడికల్ పాస్ కావాలి. 200 గంటలు నడిపితే కమర్షియల్ లైసెన్స్. తర్వాత ఒక రకం విమానానికి టైప్ రేటింగ్. 1500 గంటలు దాటాక ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్. ఏండ్ల తజుర్బా తర్వాతే ఇన్‌స్ట్రక్టర్ తాలీమ్, దానిపై డీజీసీఏ ఇజాజత్. సిమ్యులేటర్‌లోనే నేర్పేవారిని సింథటిక్ ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్ అంటారు. 65 ఏండ్లు దాటితే ఎయిర్‌లైన్ విమానం నడపనివ్వరు. సిమ్యులేటర్ నేల విడవదు గనుక ఎందరో పాత కెప్టెన్లు ఇక్కడ ఉస్తాద్‌లవుతారు. కాబట్టి "కొన్ని నెలల కోర్సు, డైరెక్ట్ ఇన్‌స్ట్రక్టర్ నౌకరీ" అని ఏ ఏజెంట్ వచ్చినా మీ ప్లాట్ కాగితాలు బయటకు తీయకండి. ఫీజు కట్టకముందే పిల్లలకు మెడికల్ చేయించండి. కట్టాక చేయిస్తే పైసా పోతుంది, పిల్లల దిల్ విరుగుతుంది.

పైసల సవాల్‌కు జవాబు హైదరాబాద్ పాతబస్తీలో ఉంది. సయ్యదా సల్వా ఫాతిమా తండ్రి బేకరీలో పనిచేసేవారు. సియాసత్ ఎడిటర్ జాహెద్ అలీ ఖాన్ సహారా ఇచ్చారు, పై తాలీమ్‌కు తెలంగాణ హుకూమత్ సాయం చేసింది. ఆమె పైలట్ అయ్యారు. సూద్ మీద అప్పు తేవడానికి మనసొప్పని ఖాందాన్లకు ఇది పెద్ద సబక్. ఒక్క ఇంటి వల్ల కాని పని పదిమంది చేతులు కలిస్తే అయింది. మరి కరీంనగర్, ఆదిలాబాద్‌లలో ఒక్కో షాదీకి మనం తగలేసే లక్షల్లోంచి కొంత ఖర్జె హసనాగా పక్కన పెట్టలేమా? ఓవర్‌సీస్ స్కాలర్‌షిప్ పీజీ, పీహెచ్‌డీ చదువులకే ఉంది. పైలట్ తాలీమ్‌కూ అలాంటి మదద్ ఇవ్వాలని హుకూమత్‌ను గట్టిగా అడగలేమా?

ఆదిలాబాద్‌లో నిజాం జమానా ఎయిర్‌స్ట్రిప్ ఉంది, బసంత్‌నగర్‌లో మరోటి ఉంది. ఎయిర్‌పోర్ట్ ఎప్పుడొస్తుందని చాయ్ హోటళ్లలో బహస్ చేస్తాం. రన్‌వే రావడం మంచిదే. కానీ ఆ రన్‌వే మీద మన పిల్లలు సూట్‌కేసులు మోయడానికే ఉంటారా? జగిత్యాల, నిర్మల్ నుంచి మన భాయీలు దుబాయి వెళ్లి ఎండలో బిల్డింగులు కడుతున్నారు. అదే షహర్‌లో ఏసీ హాళ్లలో సిమ్యులేటర్లు తిరుగుతున్నాయి, దేశదేశాల పైలట్లు నేర్చుకుంటున్నారు. ఇద్దరికీ మెహనత్ ఉంది. తేడా అంతా తాలీమ్‌దే.

అందరూ పైలట్లు కాలేరు, కానక్కర్లేదు కూడా. ఆ మెషీన్లను రాత్రింబవళ్లు నడిపించడానికి ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్ చదివినవాళ్లు కావాలి. పాలిటెక్నిక్‌లో, బాసర ట్రిపుల్ ఐటీలో చదివే మన బేటా బేటీలకు అది దగ్గరి దర్వాజా. హైదరాబాద్‌లోనే ఇండియన్ ఎయిర్‌లైన్స్ కాలం నుంచి సిమ్యులేటర్ ట్రైనింగ్ సెంటర్ నడిచింది. మనకు దూరం కిలోమీటర్లలో లేదు, ఖబర్ లేకపోవడంలో ఉంది.

ఒక కెప్టెన్ ఒక ఇంటి నసీబ్ మారుస్తాడు. ఒక ఉస్తాద్ వెనక రావాల్సిన పిల్లలకు రాస్తా చూపిస్తాడు. ఇల్మ్‌ను ఇంతగా ఇజ్జత్ చేసే మనం ఈసారి పిల్లలు ఆకాశం వైపు వేలు చూపిస్తే నవ్వకుండా, ముందు వాళ్ల ఫిజిక్స్ మార్కులు అడుగుదాం.