మెమరీ టైమింగులు: చిన్న అంకె కన్నా నమ్మకమైన అంకె మేలు

డెస్క్‌టాప్ కంప్యూటర్‌ను సొంతంగా అమర్చుకునేవారు ర్యామ్ కొనేటప్పుడు ముందు సీఎల్ అంకె చూస్తారు. 16 మంచిదనీ, 30 నెమ్మదనీ అనుకుంటారు. కొందరు బయాస్‌లోకి వెళ్లి టైమింగులను ఒక్కొక్కటిగా తగ్గిస్తారు. అంకె ఎంత చిన్నదైతే కంప్యూటర్ అంత వేగవంతమన్న ఈ నమ్మకాన్ని ఒకసారి సరిచూసుకోవాలి.

సీఎల్ అనేది కాలం కాదు, క్లాక్ చక్రాల లెక్క. డీడీఆర్4-3200 మెమరీలో ఒక్కో చక్రం 0.625 నానోసెకన్లు. సీఎల్16 అంటే 10 నానోసెకన్ల నిరీక్షణ. డీడీఆర్5-6000లో చక్రం నానోసెకనులో మూడో వంతే కాబట్టి సీఎల్30 అన్నా 10 నానోసెకన్లే. పాత డీడీఆర్3-1600, సీఎల్8 లెక్క కట్టినా అంతే వస్తుంది. మూడు తరాలు మారినా ఒక్కసారికి అందే సమాచారం పెరిగిందే తప్ప, ఈ నిరీక్షణ పెద్దగా తగ్గలేదు.

కారణం భౌతికశాస్త్రంలో ఉంది. డీర్యామ్‌లో ఒక్కో బిట్ ఒక అతిచిన్న కెపాసిటర్‌లో విద్యుదావేశంగా ఉంటుంది. చదివేటప్పుడు ఆ ఆవేశం పొడవైన తీగలోకి పాకుతుంది. అక్కడ కలిగే స్వల్ప వోల్టేజి మార్పును సెన్స్ ఆంప్లిఫయర్ పసిగట్టి, పెంచి, తిరిగి కెపాసిటర్‌లో నింపాలి. 16-18-18-36 వంటి అంకెలు ఈ దశలకు ఇచ్చే గడువులు. గడువు మరీ తగ్గిస్తే ఆవేశం పూర్తిగా నిండకముందే వరుస మూసుకుపోవచ్చు. అప్పుడు 1 కాస్తా 0 కావచ్చు.

ఇలాంటి తప్పుకు ప్రతిసారీ కంప్యూటర్ ఆగిపోతే నయమే. దోషాలను సరిదిద్దే ఈసీసీ సౌకర్యం చాలా ఇళ్ల కంప్యూటర్లలో ఉండదు. ఒక ఫొటోలోనో, పరిశోధన డేటాలోనో మారిన బిట్ అలాగే డిస్క్‌లో నమోదవుతుంది. బ్యాకప్‌లోకీ ఆ తప్పే చేరుతుంది.

మన ఎండాకాలాన్ని కూడా ఇక్కడ లెక్కలోకి తీసుకోవాలి. వేడి పెరిగేకొద్దీ కెపాసిటర్ నుంచి ఆవేశం త్వరగా కారిపోతుంది. అందుకే డీడీఆర్4 ప్రమాణం ప్రతి బిట్‌నూ 64 మిల్లీసెకన్లలోపు రిఫ్రెష్ చేయమంటుంది. చిప్ 85 డిగ్రీల సెల్సియస్ దాటితే 32 మిల్లీసెకన్లలోపే చేయాలి. వేగం కోసం రిఫ్రెష్ విరామాన్ని పెంచుకునేవారు ఈ భద్రతనే వదులుకుంటున్నారు. డిసెంబరులో పరీక్షకు నిలిచిన సెట్టింగ్, ఏసీ లేని రామగుండం ఇంట్లో మే నెల మధ్యాహ్నం నిలవకపోవచ్చు.

అలాగని అన్నీ యథాతథంగా వదిలేయనక్కర్లేదు. డీడీఆర్4-3200కు సాధారణ ప్రమాణమైన సీఎల్22 ప్రకారం నిరీక్షణ 13.75 నానోసెకన్లు. తయారీదారు పరీక్షించి ఇచ్చే ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ప్రొఫైల్‌ను ఆన్ చేస్తే చాలామందికి కావలసిన లాభం దక్కుతుంది. ఇది కూడా ప్రమాణాన్ని మించిన వేగమే కాబట్టి, మెమ్‌టెస్ట్86 ప్లస్ వంటి సాధనంతో కొన్ని గంటలు పరీక్షించాలి. వేసవిలో మరోసారి చేయాలి. ఒక్క దోషం కనిపించినా వేగం తగ్గించాలి.

అంతకుమించి నానోసెకన్లు కోయడం సరదాగా చేసేవారికి మంచి ప్రయోగమే. వారు దాన్ని ఆటలకు వాడే యంత్రంపై చేసుకోవచ్చు. పిల్లల ఫొటోలు, ఇంటి లెక్కలు, థీసిస్ ఉన్న కంప్యూటర్‌కు మాత్రం దోషం లేని మెమరీయే ముఖ్యం.